తలుపు తీసి ఉంచండి, మాస్టారూ

రాజస్థాన్‌లోని గంగాపూర్ సిటీలో ఒక టీచరు మీద 2022 జనవరిలో పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే చట్టం కింద కేసు నమోదైంది. ఫిర్యాదు చేసింది ఒక మైనర్ విద్యార్థిని తరఫువాళ్లు. ఎంతో కాలం గడవకముందే ఆ అమ్మాయి తండ్రి చేత స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించారు. ఏదో పొరపాటున అనుకుని కేసు పెట్టాం, ఇక మాకు ఏ అభ్యంతరమూ లేదని అందులో రాశారు. ఆ రాజీని ఆధారం చేసుకుని హైకోర్టు ఎఫ్ఐఆర్ కొట్టేసింది. కేసుతో నేరుగా సంబంధం లేనివాళ్లు పట్టుబట్టి సుప్రీంకోర్టుకు వెళితే, 2024 నవంబరు 7న ఆ ఎఫ్ఐఆర్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది. ఇలాంటి నేరం రెండు కుటుంబాలు మాట్లాడుకుని ముగించుకునే వ్యవహారం కాదని కోర్టు తేల్చి చెప్పింది.

తీర్పు మంచిదే. కానీ కేసు మళ్లీ మొదలవడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. కోర్టు మెట్లెక్కే సమయానికి పిల్లకు జరగాల్సిన నష్టం జరిగిపోయే ఉంటుంది. కాబట్టి అంతకు చాలా ముందు, స్టాఫ్‌రూములో అందరూ చూసి ఊరుకునే దశ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మర్నాడు వినిపించే మాట ఒకటుంది. "ఆ సార్ సంగతి ముందు నుంచీ అనుకుంటూనే ఉన్నాం." ఏం అనుకున్నారు? ఎవరితో అన్నారు? ఎక్కడైనా రాసి పెట్టారా? ఈ మూడింటికీ దాదాపు ఎప్పుడూ జవాబు ఉండదు.

బడిలో భద్రత అనగానే మనం చేసే పని, పిల్లల్ని కూర్చోబెట్టి గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెప్పడం. ఏడాదికో గంట, గోడ మీద ఓ చార్టు, చివర్లో గ్రూప్ ఫోటో. అది అక్కర్లేదని నేననను. శరీర భాగాల పేర్లు తెలిసిన పిల్ల జరిగింది చెప్పగలుగుతుంది, తెలియని పిల్ల చెప్పలేదు. కానీ ఆ ఒక్క పాఠంతో సరిపెట్టుకుంటే మనం ఆ పిల్ల మీద ఎంత బరువు పెడుతున్నామో చూడండి. తనకు మార్కులు వేసే మనిషిని, అమ్మానాన్నలు చేతులు జోడించి నమస్కారం పెట్టే మనిషిని ఎనిమిదేళ్ల పిల్ల అనుమానించాలి, ఎదిరించాలి, తర్వాత వెళ్లి ఇంకో పెద్దమనిషికి చెప్పి నమ్మించాలి. ముప్పై మంది సిబ్బంది కలిసి చేయలేని పని ఆ పిల్ల ఒక్కతే చేయాలన్నమాట.

నా వాదన ఒక్కటే. ముందు నియమాలు రాసుకోవాల్సింది పెద్దల ప్రవర్తనకు. అవి ఎంత చిన్నవిగా ఉంటే అంత మంచిది. చిన్న నియమం తప్పిన రోజే, ఉద్దేశం మంచిదా చెడ్డదా అని తర్కించకుండా, ఆ మాట పైకి రావాలి.

గీత ఎక్కడ గీయాలి

"పిల్లలతో గౌరవంగా మెలగవలెను" అని రాసుకున్న నియమావళి దేనికీ పనికిరాదు. తప్పితే చూసేవాళ్లకు కనబడాలి, అప్పుడే అది నియమం.

ముందు గదుల సంగతి. సైన్స్ ల్యాబు, స్టోర్ రూము, ఆటసామాన్ల గది, మ్యూజిక్ రూము, కౌన్సెలింగ్ గది. వీటికి లోపలి గడియ ఎందుకు? బయట తాళం వేసుకునే ఏర్పాటు చాలు. ఒక స్క్రూడ్రైవరు, ఒక మధ్యాహ్నం ఉంటే బడిలోని లోపలి గడియలన్నీ ఊడదీయవచ్చు, మరుగుదొడ్లవి తప్ప. తర్వాత తలుపులకున్న అద్దాలు. చాలా ప్రైవేటు స్కూళ్లలో తలుపుకు నిలువు అద్దం పెట్టిస్తున్నారు. మంచి ఏర్పాటు. కానీ ఆగస్టు వచ్చేసరికి ఆ అద్దం మీద చార్టు అతికించి ఉంటుంది. ఎండ పడుతోందనో, పిల్లల దృష్టి బయటికి పోతోందనో చెబుతారు. నెలకోసారి ఎవరైనా బడి చుట్టూ తిరిగి ఆ చార్టులు పీకేయాలి, కిటికీలకు అడ్డంగా పెట్టిన బీరువాలు జరిపించాలి.

తర్వాత సమయాలు. తరగతి జరుగుతుండగా ప్రమాదం తక్కువ, అక్కడ నలభై జతల కళ్లుంటాయి. గంట కొట్టాక బస్సు వచ్చేలోపు, ఇంటర్వెల్లో పైఅంతస్తు, పదో తరగతి స్పెషల్ క్లాసులు, చీకటిపడేదాకా సాగే స్టడీ అవర్, ఆదివారం పిలిపించే డ్యాన్సు రిహార్సల్స్. కాపలా తక్కువుండే వేళలు ఇవే. "నోటు పుస్తకాలు పట్టుకుని స్టాఫ్‌రూముకు రామ్మా" అనే మామూలు మాటను తీసుకోండి. పొద్దున పదకొండింటికి స్టాఫ్‌రూములో ఆరుగురుంటారు. సాయంత్రం అయిదున్నరకు ఒక్కరే ఉంటారు. మాట అదే, గదీ అదే, పరిస్థితి వేరు. అందుకని నియమం ఇలా ఉండాలి: పుస్తకాలు మోయడానికి ఎప్పుడూ ఇద్దరు పిల్లలు వెళ్లాలి. చివరి గంట తర్వాత పిల్లలు ఉన్నంతసేపూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అమ్మాయిలుంటే అందులో ఒకరు మహిళ కావాలి. ఆఖరి పిల్ల గేటు దాటాక ఇద్దరూ రిజిస్టరులో టైము వేసి సంతకం పెట్టాలి.

విడిగా మాట్లాడటం తప్పు కాదు. ఇంట్లో నాన్న తాగొచ్చి కొడుతున్నాడని ఒక అబ్బాయి చెప్పాలనుకుంటే, నలభైమంది ముందు చెప్పలేడు. అలాంటప్పుడు తలుపు తెరిచి, బయటివాళ్లకు కనిపించేలా, వినిపించనంత దూరంలో కూర్చోవచ్చు. వరండా చివర రెండు కుర్చీలు చాలు. మాట్లాడబోయే ముందు పక్క క్లాసు టీచరుకు "ఫలానా పిల్లాడితో పది నిమిషాలు మాట్లాడుతున్నాను" అని చెబితే సరి.

తాకడం విషయంలో పీఈటీలకు, డ్యాన్సు మాస్టర్లకు కచ్చితమైన మాట కావాలి. లాంగ్ జంప్‌లో కాలు ఎలా పెట్టాలో తను చేసి చూపించవచ్చు, ఇంకో విద్యార్థిని చేయమనవచ్చు. భంగిమ సరిదిద్దడానికి తప్పనిసరిగా పట్టుకోవాల్సి వస్తే "భుజం పట్టుకుంటాను, సరేనా" అని అడిగి, అందరి ముందు పట్టుకోవాలి. యూనిఫాం కొలతలు అమ్మాయిలకు మహిళలే తీయాలి, పక్కన ఇంకొకరు ఉండాలి. ఒకటో తరగతి పిల్ల బట్టలు తడుపుకుంటే మార్చేది ఆయా, దగ్గర ఇంకో మహిళ. సాయంత్రంలోపు తల్లికి కబురు చేరాలి.

మాటలకూ గీత ఉంది. మన బళ్లలో దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. వారం రోజులు రాని ఏడో తరగతి అమ్మాయిని "ఎందుకు రాలేదు?" అని సార్ క్లాసులో నిలబెట్టి అడగడం, వెనక బెంచీ నవ్వడం, సార్ కూడా నవ్వేయడం. "మా మేనల్లుడికి చేసుకుంటానే నిన్ను" అని సరదాలు. ఎత్తు గురించి, ఒళ్లు గురించి, రంగు గురించి వ్యాఖ్యలు. వీటిలో ఏదీ ఎవరినీ జైలుకు పంపకపోవచ్చు. కానీ ఒక పిల్ల శరీరం గురించి నలుగురిలో మాట్లాడవచ్చని అక్కడ తేలిపోయింది. ఆ పిల్లకీ తెలిసింది, చెడు ఉద్దేశం ఉన్నవాడెవడైనా వింటుంటే వాడికీ తెలిసింది.

దెబ్బల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా చెవి మెలిపెట్టడం, తొడ గిల్లడం చాలాచోట్ల సాగుతూనే ఉంది. పెద్దవాళ్ల చెయ్యి తన ఒంటి మీద పడితే నోరు మూసుకుని నిలబడాలని రోజూ నేర్పి, ఏడాదికో గంట మాత్రం "వద్దని గట్టిగా అరువు" అని చెబితే పిల్లలు దేన్ని నమ్ముతారు?

జేబులోని గది

కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం టీచర్ల సొంత నంబర్లు పిల్లలకు చేరాయి. క్లాసులు ఆగిపోయాయి, నంబర్లు మిగిలాయి. ఎంత అద్దాల తలుపు పెట్టినా రాత్రి పదిన్నరకు వచ్చే "ఇంకా పడుకోలేదా?" అనే మెసేజ్‌ను ఎవరూ చూడలేరు. ఆ సంభాషణ మొదలయ్యేది ఎప్పుడూ చదువుతోనే. డౌటు, తర్వాత శ్రద్ధ, తర్వాత పొగడ్త, తర్వాత "మనం మాట్లాడుకున్నట్టు ఎవరికీ చెప్పకు". రహస్యం అడిగిన క్షణమే అది ప్రమాదం.

ఇక్కడ నియమం రాయడం తేలిక. విద్యార్థికి విడిగా మెసేజ్ ఉండదు. ఏ కబురైనా తల్లిదండ్రుల నంబరుకో, కనీసం ఇద్దరు టీచర్లు అడ్మిన్లుగా ఉన్న గ్రూపుకో వెళ్లాలి. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపు నిశ్శబ్దం. ఇన్‌స్టాగ్రామ్‌లో చదువుకుంటున్న పిల్లల్ని ఫాలో కావడం, వాళ్ల స్టేటస్‌కు గుండె బొమ్మలు పెట్టడం కుదరదు. పిల్ల తనంతట తాను విడిగా మెసేజ్ చేస్తే? జవాబు గ్రూపులో ఇవ్వాలి, లేదా మర్నాడు క్లాసులో. ఆ మెసేజ్‌లో బాధ, భయం కనిపిస్తే మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు. వెంటనే హెచ్ఎంకు చెప్పాలి, మెసేజ్ తుడిచేయకూడదు.

ఫోటోల విషయంలో మన టీచర్లకు ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ప్రభుత్వ యాప్‌లలో ఎక్కించాల్సిన ఫోటోలు సొంత ఫోన్‌తోనే తీయాలి. యాప్‌లోకి వెళ్లాక అవి ఫోన్‌లోనే ఉండిపోతాయి. శనివారం సాయంత్రం వాటిని తీసేయడం అలవాటు చేసుకోవాలి. ఒక్క పిల్ల మాత్రమే ఉన్న ఫోటో తీయకపోవడం ఇంకా మంచిది.

అనుమానంతో బడి నడుస్తుందా?

దీనికి వచ్చే అభ్యంతరాలు గట్టివే, తేలిగ్గా తీసిపారేయలేను.

మొదటిది, ప్రేమ. చిన్నపిల్లలకు ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన టీచర్లు మనకున్నారు. పడి మోకాలు చీరుకున్న పిల్లను దగ్గరికి తీసుకోని బడి బడేనా? కాదు. నియమం ఆప్యాయతను ఆపకూడదు. ఏడుస్తున్న పిల్ల వచ్చి హత్తుకుంటే దూరం తోయమని ఎవరూ అనరు. పిల్ల అవసరం కోసం, పిల్ల కోరుకున్నంతసేపు, నలుగురూ చూసేచోట అయితే ఆ స్పర్శలో తప్పు లేదు. అదే పని తలుపు వెనక, పెద్దవాళ్ల ఇష్టం కోసం జరిగితే తప్పు. ఈ తేడా ఏ టీచరుకైనా అర్థమవుతుంది.

రెండోది, అబద్ధపు ఫిర్యాదుల భయం. ముఖ్యంగా మగ టీచర్లలో ఇది నిజమైన భయం, ఉన్నదాన్ని లేదనను. మార్కులు తక్కువేశారని, ఊళ్లో పార్టీ గొడవలని కక్షలు పుట్టవచ్చు. దురుద్దేశంతో పెట్టే తప్పుడు ఫిర్యాదుకు పోక్సో 22వ సెక్షన్ కింద శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం ఆ శిక్ష వర్తించదు. కానీ టీచరును కాపాడేది ఆ సెక్షన్ కన్నా తెరిచిన తలుపే. ఆ సమయంలో అతను ఎక్కడున్నాడో, ఎవరు చూశారో రిజిస్టరు చెబుతుంది. నియమాలు లేని బడిలో మంచి టీచరు దగ్గర తన మాట తప్ప ఇంకే సాక్ష్యమూ ఉండదు.

మూడోది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. ఒకే టీచరు ఉన్న బడి. తండాల్లో, గూడేల్లో ఇలాంటివి ఎన్నో. ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలంటే ఎక్కడి నుంచి తేవాలి? మధ్యాహ్న భోజనం వండే అక్క కొంతసేపు ఉంటుంది. ఆమె వెళ్లాక? తరగతి వరండాలో పెట్టడం, వచ్చే టైమూ పోయే టైమూ ఊరందరికీ తెలిసేలా బోర్డు మీద రాయడం, బడి అయ్యాక ఏ పిల్లనూ ఉంచకపోవడం, తల్లుల్లో ఎవరైనా ఏ వేళకైనా చెప్పకుండా వచ్చి కూర్చోవచ్చని ముందే ఒప్పుకోవడం. ఇంతే చేయగలం. ఇది పూర్తి పరిష్కారం కాదు. రెండో టీచరును వేయడమే పరిష్కారం.

ఇక "మా సార్ బంగారం" అనే మాట. బంగారమే కావచ్చు. పిల్లల్ని వేధించేవాళ్లలో చాలామంది ముందు సంపాదించుకునేది పెద్దల నమ్మకాన్నే. ఫ్రీగా ట్యూషన్ చెబుతాడు, పేదపిల్లకు ఫీజు కడతాడు, బండి మీద ఇంటి దగ్గర దింపుతాడు, పండక్కి గౌను కొంటాడు. ఇవన్నీ నిజంగా మంచివాళ్లు కూడా చేసే పనులే. బయటి నుంచి చూసి ఎవరు ఎవరో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మనిషిని అంచనా వేసే ప్రయత్నం మానేసి, పనిని నియంత్రించాలి. సాయం చేయాలంటే బడి ద్వారా చేయండి. లిఫ్ట్ ఇవ్వాలంటే ఇద్దరు పిల్లలుంటేనే, తల్లిదండ్రులకు ఫోన్ చేశాకే ఇవ్వండి.

ఇంగ్లండ్‌లో స్కూళ్లన్నిటికీ వర్తించే ప్రభుత్వ మార్గదర్శకాల్లో 2021 నుంచి ఇలాంటి చిన్న విషయాలకు ఒక భాగమే కేటాయించారు. అతి చనువు, కొందరు పిల్లల్ని ప్రత్యేకంగా చూడటం, సొంత ఫోన్‌లో ఫోటోలు తీయడం, మూసిన తలుపు వెనక ఒక్క విద్యార్థితో ఉండటం. నేరం స్థాయికి రాకపోయినా వీటిని రాసి పెట్టాలి. టీచరు తనంతట తానే వచ్చి "ఈరోజు తప్పనిసరై ఒక అమ్మాయిని కారులో దింపాను" అని చెప్పుకునే వీలూ అందులో ఉంది. మనం అరువు తెచ్చుకోదగ్గది ఇదే. ఒక్కో సంఘటన విడిగా ఏమీ కాదు. ఒకే మనిషి పేరు మీద ఏడాదిలో ఆరు సంఘటనలు ఒకే పుస్తకంలో కనిపిస్తే అప్పుడు అర్థమవుతుంది. "అనుకుంటూనే ఉన్నాం" అనేవాళ్లు ఆరుగురు ఆరు విషయాలు చూసి ఉంటారు, వాటిని ఒకచోట చేర్చినవాళ్లే ఉండరు.

హాస్టలు

గురుకులాల్లో, కస్తూర్బాల్లో, కార్పొరేట్ కాలేజీల రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో పిల్లలు ఇంటికి వెళ్లరు. చెప్పుకోవడానికి అమ్మ ఉండదు. కాబట్టి ఇక్కడ గీతలు ఇంకా దగ్గరగా ఉండాలి.

రాత్రి డార్మిటరీలోకి పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు. తనిఖీకి ఇద్దరు వెళ్లి, వెళ్లిన టైమూ వచ్చిన టైమూ రాయాలి. వార్డెన్ గదిలోకి పిల్లలు రాకూడదు, బట్టలు ఉతకడానికీ కాళ్లు పట్టడానికీ అసలే కాదు. జ్వరం వచ్చిన పిల్లను సిక్ రూములో ఒంటరిగా వదలకుండా తోడుగా ఇంకో పిల్లను ఉంచాలి. సంక్రాంతికీ దసరాకూ సెలవులిచ్చే రోజు గేటు దగ్గర వందలమంది ఉంటారు, "నేను మేనమామను" అని ఎవరైనా చెప్పవచ్చు. అడ్మిషన్ నాడు తీసుకున్న ఫోటోలు, సంతకాల కార్డుతో పోల్చి చూడాలి. అనుమానం ఉంటే రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. వచ్చినవాళ్లు తమ ఫోన్‌లో కలిపి చేతికిచ్చే కాల్ నమ్మకూడదు.

ఆటల పోటీలకు అమ్మాయిల జట్టు వెళితే మహిళా టీచరు లేకుండా బయల్దేరకూడదు. బస తరగతి గదుల్లో అయినా సరే పెద్దలు, పిల్లలు వేరువేరు గదుల్లో పడుకోవాలి.

అబ్బాయిల హాస్టళ్ల గురించి మనవాళ్లకు దిగులే ఉండదు. "మగపిల్లలకేం" అంటారు. పోక్సో చట్టం ఆడా మగా తేడా చూడదు, పద్దెనిమిదేళ్ల లోపు అందరికీ ఒకటే. అబ్బాయిలు సిగ్గుతో ఇంకా తక్కువ చెబుతారు. చురుగ్గా ఉండే కుర్రాడు హఠాత్తుగా హాస్టలు వద్దని ఏడిస్తే "చదువుకు బద్ధకం" అని తిప్పి పంపే ముందు ఒక రోజు ఇంట్లో ఉంచి మాట్లాడండి.

సీసీ కెమెరాల మీద అంత ఆశ పెట్టుకోవద్దు. గేటు, వరండాలు, మెట్లు, బస్సు లోపల ఉండాలి. కానీ వాటిని చూసే మనిషి లేకపోతే అవి జరిగిపోయాక పోలీసులకు పనికొస్తాయే తప్ప జరగకుండా ఆపవు. రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుందో మీ బడిలో అడిగి చూడండి. పాతది చెరిగి దాని మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది, పిల్ల నోరు విప్పేది మాత్రం నెలల తర్వాత.

పిల్ల చెప్పిన రోజు

ఎక్కువ బళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే, అదీ మొదటి గంటలోనే.

మామూలుగా జరిగేది ఇది. పిల్ల క్లాసు టీచరుకు చెబుతుంది. ఆమె హెచ్ఎం గదికి తీసుకెళ్లి మళ్లీ చెప్పిస్తుంది. హెచ్ఎం కరస్పాండెంటును పిలిచి మళ్లీ చెప్పిస్తాడు. "సరిగ్గా గుర్తు చేసుకో, సార్ అలాంటివాడు కాదే" అంటారు. ఆ సార్‌నే పిలిచి ఎదురెదురుగా నిలబెడతారు. సాయంత్రానికి ఊరి పెద్దలు వస్తారు. పోలీసుల దగ్గరికి చేరేసరికి పిల్ల అయిదుసార్లు చెప్పి ఉంటుంది, అయిదుసార్లూ మాటలు కాస్త మారి ఉంటాయి. రేపు కోర్టులో డిఫెన్సు లాయరు పట్టుకునేది ఆ తేడాలనే.

చేయాల్సింది చాలా తక్కువ. మొదట విన్న మనిషే పూర్తిగా వినాలి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, అది నిలబెట్టుకోలేని మాట. "సార్ ఇక్కడ ముట్టుకున్నారా?" అని అందించకుండా "తర్వాత ఏమైంది?" అని మాత్రమే అడగాలి. పిల్ల వాడిన మాటలనే, అవి ఎంత మొరటుగా ఉన్నా, తేదీ, టైము వేసి అలాగే రాయాలి. జరిగింది ఒకటి రెండు రోజుల్లోనే అయితే స్నానం చేయించకూడదు. బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ చేరి ఆధారం పాడవుతుంది. ఆరోపణ వచ్చిన మనిషికి ఆ విషయం మనం చెప్పకూడదు. అతన్ని మాత్రం వెంటనే పిల్లలకు దూరంగా ఉంచాలి.

ఆ తర్వాత పోలీసులు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ, జరగబోతోందని అనుమానం ఉన్నా సరే, పోలీసులకు చెప్పి తీరాలి. ముందు మన కమిటీ విచారిస్తుంది అనే మాట చట్టంలో లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది దాకా. మంచి నమ్మకంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని అదే చట్టం అంటోంది. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలో ఒక స్కూలు హాస్టల్లో గిరిజన బాలికల మీద జరిగిన నేరం కేసులో, వాళ్లకు వైద్యం చేసిన డాక్టరు విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. చెప్పకుండా ఉండటమే తీవ్రమైన నేరమంది.

పోలీస్ స్టేషను అనగానే తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. వాళ్లకు చెప్పాల్సిన విషయాలున్నాయి. పిల్ల స్టేషనుకు వెళ్లక్కర్లేదు. ఇంటి దగ్గరో, ఆమెకు ఇష్టమైన చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. అమ్మాయికి పరీక్ష చేసేది మహిళా డాక్టరే. పోలీసుల కాగితం లేదని ఏ ఆసుపత్రీ అత్యవసర వైద్యం ఆపకూడదు. పేరు గానీ, బడి పేరు గానీ మీడియాలో రాకూడదు. ఎటూ తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయవచ్చు.

మర్యాదగా పంపేయడం

ప్రైవేటు స్కూళ్లలో ఇంకో జబ్బు ఉంది. ఫిర్యాదు వచ్చిన టీచరుతో రాజీనామా రాయించుకుని, స్కూలు పేరు పోకూడదని మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికిచ్చి పంపేస్తారు. జూన్‌లో అతను ఇంకో ఊళ్లో చేరతాడు. ప్రభుత్వ బళ్లలో దీనికి పేరు బదిలీ. ఒక బడి పిల్లల్ని కాపాడుకున్నామని సంతోషిస్తుంది, ఇంకో బడి పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఇంతకన్నా అన్యాయం నాకు కనబడదు.

2020 పోక్సో నిబంధనలు బడిలో పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగికీ, బోధన అయినా కాకపోయినా, రెగ్యులర్ అయినా కాంట్రాక్టు అయినా, ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ ఉండాలంటున్నాయి. చేయించండి. కానీ ఎక్కడా కేసు నమోదు కాని మనిషి ఆ వెరిఫికేషన్‌లో శుభ్రంగా బయటపడతాడు. కాబట్టి పాత స్కూలుకు ఫోన్ చేయాలి, సర్టిఫికెట్ మీద ఉన్న సెల్ నంబరుకు కాకుండా స్కూలు ల్యాండ్‌లైనుకు. "అతన్ని మళ్లీ పిల్లల మధ్య పనికి పెట్టుకుంటారా?" అని ఒకే ప్రశ్న అడగండి. జవాబు వెంటనే రాకపోతే అర్థం చేసుకోండి. విద్యాసంవత్సరం మధ్యలో మానేసిన ఉద్యోగాల గురించి విడివిడిగా అడగండి.

టీచర్ల దగ్గరే ఆగకూడదు. 2022లో హైదరాబాదులోని ఒక స్కూల్లో ఎల్‌కేజీ పాప మీద లైంగిక దాడి చేసింది ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. కారు డ్రైవరుకు ఎల్‌కేజీ పిల్లల దగ్గర ఏ పనీ ఉండదు. ఎవరికి ఏ అంతస్తులో పని ఉందో జాబితా రాసుకుని, పని లేనిచోట కనిపిస్తే "ఇక్కడేం పని?" అని ఆయాతో సహా ఎవరైనా అడగగలగాలి. కరాటే మాస్టరు, వార్షికోత్సవం ఫోటోగ్రాఫరు, సెలవుల్లో రంగులు వేసేవాళ్లు, బస్సు క్లీనరు అందరూ ఆ జాబితాలో ఉండాలి.

ఇదంతా చేశాక మిగిలే ప్రశ్న, చిన్న విషయాల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది. హెచ్ఎం దగ్గర ఉంటే హెచ్ఎం మీది ఫిర్యాదు ఎక్కడ రాయాలి? కరస్పాండెంటు తమ్ముడే బస్సుల ఇన్‌చార్జి అయితే? అందుకే పేర్లు రెండు ఉండాలి. ఒకటి బడిలోని మహిళా టీచరుది. రెండోది యాజమాన్యానికి బంధువు కాని బయటి మనిషిది, తల్లిదండ్రుల కమిటీ నుంచి గానీ, ఊళ్లోని అంగన్‌వాడీ, ఆరోగ్య కార్యకర్తల నుంచి గానీ. ఆ రెండు పేర్లూ ఫోన్ నంబర్లతో, వాటి కింద 1098, మండల విద్యాధికారి, జిల్లా బాలల సంరక్షణ విభాగం నంబర్లూ పెద్ద అక్షరాల్లో రాసి, పిల్లలు ఎవరి కంటా పడకుండా చదువుకోగలిగే చోట అంటించండి. ఆఫీసు గది ముందున్న నోటీసు బోర్డు అందుకు పనికిరాదు, మరుగుదొడ్ల లోపలి గోడలు పనికొస్తాయి. జూన్‌లో బడి తెరిచేలోపు ఇది చేయడానికి జీవో అక్కర్లేదు.